పౌలయ్య ముల్లు

నేను ఒక శ్రావణాన్ని. నెల కాదు. ఆ నెలకు వ్రతాలున్నాయి, చీరలున్నాయి, పంచాంగంలో చోటుంది. నాకున్నది మూడంగుళాల పొడవు, రెండు కాళ్ళు, ఒక పని. కాలిలో దిగిన ముల్లును పట్టుకుని బయటికి లాగడం ఆ పని. పట్నంలో నన్ను పట్టుకారు అంటారట. కనుబొమ్మలు పీకే బంధువులు నాకు అక్కడ ఉన్నారని కూడా విన్నాను. వాళ్ళ గురించి ఎక్కువ మాట్లాడను. ఎవరినీ గుచ్చని వెంట్రుకను లాగడం పనెలా అవుతుందో నాకు తెలియదు.

మాది పల్నాడులో కంపలపాలెం. రైలు లేదు, కాలువ ఉంది. కాలువ గట్టు మీద సర్కారు తుమ్మ, చేల గట్ల మీద నల్లతుమ్మ, మిగిలిన చోట రేగు కంప. నాకు పని తక్కువైన రోజు లేదు.

నేను పుట్టింది వీరాచారి కొలిమిలో. బండి చక్రానికి ఇనుప పట్టా వేస్తుండగా చివర తెగిపడిన ముక్కను నేను. ఎద్దుల బండి కింద పాతికేళ్ళు తిరగవలసినదాన్ని, ఆరంగుళాల తేడాలో తప్పిపోయాను. ఆ మధ్యాహ్నం రత్నం అయ్యగారు కుంటుకుంటూ వచ్చి కొలిమి ముందు కూలబడ్డాడు. ఆయన చెప్పులు లేకుండా ఊరూరా నడిచి బైబిలు వాక్యం చెప్పే మనిషి.

వీరాచారి ఆ పాదం పట్టుకుని తిప్పి చూశాడు. "ఇది కాలా, కంపచెట్టా అయ్యగారూ?"

"నిన్నటిదాకా కాలే," అన్నాడు అయ్యగారు.

బీడీ ఒకటి కాలేలోపు వీరాచారి నన్ను తయారుచేశాడు. ఎర్రగా కాల్చి, నడుమ వంచి, రెండు కొసలనూ ఆకురాయితో రాశాడు. నా మొదటి ముల్లు రేగుముల్లు. దాని వెనకాల ఇంకో నాలుగు వచ్చాయి. అయ్యగారు కన్నీళ్ళు తుడుచుకుని, ఏమి ఇవ్వమంటావని అడిగాడు.

"మీరు ఊరూరా ఏదో ఊరికే దొరుకుద్దని చెప్తారుగా. ఏందది?"

"కృప."

"ఇదీ అదే అనుకోండి," అని వీరాచారి మళ్ళీ తిత్తి ఊదుకున్నాడు.

అందుచేత నాకు వెల లేదు. ఈ రోజు వరకు నన్ను ఎవరూ కొనలేదు, ఎవరూ అమ్మలేదు. పక్కనే పుట్టిన కొడవళ్ళు ఈ మాట నమ్మలేదు.

ఆ తరవాత కొన్నేళ్ళు అయ్యగారి చొక్కా జేబులో ఉన్నాను. ఆయన కాలువలో బాప్తిస్మాలు ఇచ్చేటప్పుడు ఆయనతోపాటు నేనూ మునిగేదాన్ని. ఆ లెక్కన నాకంటే ఎక్కువసార్లు బాప్తిస్మం పొందిన ప్రాణి కంపలపాలెంలో లేదు. బాప్తిస్మమప్పుడు ఆయన కొత్త పేర్లు పెట్టేవాడు. ఆ పేర్లన్నీ బైబిల్లో పౌలు రాసిన ఉత్తరాల్లోవి. ఆ ఉత్తరాలను పత్రికలంటారు. అందుకే మా పేటలో ముగ్గురు తీతులు, ఇద్దరు ఫిలేమోనులు, ఒక తుకికు ఉన్నారు. తుకికును జనం టక్కు అంటారు. వెనకటికి ఫీబే అనే ఆవిడ పౌలు ఉత్తరాన్ని రోము దాకా మోసుకెళ్ళిందని అయ్యగారు చెప్పి, ఒక ఇరవై రెండేళ్ళ కోడలికి ఆ పేరు పెట్టాడు. ఆమె ఫీబమ్మ అయింది.

తరవాత జరిగిందంతా ఆ పత్రిక అనే మాట వల్లే.

ఫీబమ్మకు తెలిసిన పత్రిక ఒకటే. పొద్దున్నే బస్సులో వచ్చి టీ కొట్టు బల్ల మీద పడేది. అందులో నిన్న జరిగింది ఇవాళ ఉంటుంది. ఆ ఆదివారం అయ్యగారు లేచి, "ఇప్పుడు పౌలు పత్రిక చదువుకుందాం," అన్నాడు. తన శరీరంలో ఒక ముల్లు ఉందని పౌలు రాశాడు. తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. దేవుడు తీయలేదు. నా కృప ఉందిగా, అది నీకు చాలు అన్నాడు. అయ్యగారు ఇది చదివి, గంటసేపు వివరించి, పాట పాడించి ఇంటికి పంపాడు.

నిజం చెప్పాలంటే జేబులో ఉన్న నాకు ఆ గంటా మనసు మనసులో లేదు. ముల్లు ఉంది. బాధ ఉంది. అడిగినవాడు మూడుసార్లు అడిగాడు. శ్రావణం సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఈ లోకంలో నా వృత్తికి జరిగిన అవమానాల్లో అంతకంటే పెద్దది నాకు గుర్తు లేదు.

సోమవారం పొద్దున ఫీబమ్మ ఒక పోస్టు కార్డు పట్టుకుని అయ్యగారి గుమ్మంలోకి వచ్చింది.

"వందనాలయ్యగారూ. నాకు రాత రాదు. ఒక ముక్క రాసిపెట్టండి."

"ఎవరికమ్మా?"

"ఆ ముల్లు దిగినాయనకి. నిన్న చదివారే, ఆయనకి."

అయ్యగారు ఆమె మొహం చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. కలం తీశాడు. ఆమె నిలబడి చెప్పింది, ఆయన వంచిన తల ఎత్తకుండా రాశాడు.

"పౌలయ్యకు కంపలపాలెం ఫీబమ్మ వందనాలు చేసి రాయించేది. మీ కాలి సంగతి నిన్న పత్రికలో విన్నాం. అది నల్లతుమ్మా, రేగా రాయలేదు. నల్లతుమ్మయితే కదిలించమాకండి, కొస విరుగుద్ది. జిల్లేడు పాలు రెండు చుక్కలు పొయ్యండి. తగ్గకపోతే బెల్లం ఉడకబెట్టి వేడివేడిగా పట్టు వెయ్యండి, తెల్లారేసరికి పైకి తేలుద్ది. అప్పటికీ రాకపోతే బస్సెక్కి మా ఊరు రండి. ఇక్కడ అయ్యగారి దగ్గర శ్రావణం ఉంది. ఎవర్నీ ఏమీ అడగరు."

ఆ చివరి మాటలకు నా రెండు కొసలు గలగలలాడాయి. నా తరఫున మాట్లాడిన మొదటి మనిషి ఆమె.

"ఎక్కడికి పంపమంటావు?" అన్నాడు అయ్యగారు.

"మీకు తెలుసుగా."

"అమ్మా, ఆయన పోయాడు."

ఫీబమ్మ నెత్తిన చెంగు వేసుకుంది. "ఎప్పుడయ్యగారూ?"

"పంతొమ్మిది వందల ఏళ్ళు దాటింది."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మానేసింది. "అయితే నొప్పి తగ్గిపోయుంటదిలే."

అయ్యగారు బల్ల మీద తల పెట్టి నవ్వాడు. జేబులో ఉన్న నేను ఆయన పక్కటెముకలకు కొట్టుకున్నాను. ఆయన నవ్వు ఆగేదాకా ఫీబమ్మ ఆగింది, కానీ కదల్లేదు.

"ఇంకో మాటయ్యగారూ. చాలు అన్నాడంట గదా దేవుడు. అంటే ఏంది, ఇంక అడగమాక, లేచి పో అన్నాడా?"

"కాదమ్మా. మనం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి చాలు అంటాం చూడు, అది తినేవాళ్ళ మాట. ఇది వడ్డించేవాడి మాట. నీకు సరిపడా నా దగ్గరుంది, నేను పెడతాను, అని."

"వడ్డించేవాళ్ళు చాలు అనరు గదయ్యగారూ. అంటే పిసినారోళ్ళంటారు."

అయ్యగారు నన్ను జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పౌలుకు అవసరం తీరిపోయింది. మిగతావాళ్ళకు తీరలేదు. నువ్వు ఉంచు."

ఆ రోజు నుంచి నా కాపురం ఫీబమ్మ కొంగుముడిలో.

మనుషుల కాళ్ళ గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మీసం మెలేసి ఊరంతా తిరిగేవాళ్ళు నేను కనబడగానే కళ్ళు మూసుకుని అమ్మను పిలుస్తారు. పంచాయతీలో ముగ్గుర్ని ఒక్క అరుపుతో కూర్చోబెట్టిన టక్కు, పల్లేరు కాయ గుచ్చుకుంటే ఫీబమ్మ రెండు చేతులూ పట్టుకుని, "ముందు చెప్పి లాగు," అని బతిమాలాడు. "చెప్తాలే," అంటూనే ఆమె లాగేసింది. ముల్లు వచ్చాక అందరూ ఒకే పని చేస్తారు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తారు. ఇంతేనా అంటారు. ఎప్పుడూ ఇంతే.

ఎవరు ఏమి తెచ్చినా ఫీబమ్మ పుచ్చుకోలేదు. నాలుగు వంకాయలు తెచ్చినా, గ్లాసుడు మజ్జిగ తెచ్చినా, "ఊరికే వచ్చింది, ఊరికే చేస్తన్నా," అనేది. నేను పొంగిపోయేదాన్ని. ఇందులో ఒక కిటుకు ఉందని నాకు చాలా ఏళ్ళు తెలియలేదు. ఆమె ఇచ్చేది. తీసుకునేది కాదు. చర్చిలో ఏటా ప్రేమవిందు జరుగుతుంది. అందరూ నేల మీద బంతిగా కూర్చుంటారు, ఫీబమ్మ అన్నం గంప పట్టుకుని వడ్డిస్తుంది. ఆఖరున గుండిగ వెనక నిలబడి నాలుగు ముద్దలు తింటుంది. ఎవరైనా ఇంకాస్త పెట్టబోతే అరచెయ్యి అడ్డం పెడుతుంది. చాలు. నలభై ఏడేళ్ళలో ఆమె ఆ బంతిలో కూర్చోవడం ఎవరూ చూడలేదు.

ఈ చాలు దెబ్బ తిన్నది లోయిసమ్మ. ఫీబమ్మ మరిది భార్య, అంటే తోడికోడలు. రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ. కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాది లోయిసమ్మ కాల్లో తుమ్మముల్లు దిగితే మేము తీశాం. మర్నాడు ఆమె గిన్నెడు గోంగూర పచ్చడి చేసి, వెల్లుల్లి తాలింపు పెట్టి, గోడ మీద నుంచి అందించింది. గంటలో ఆ గిన్నె తిరిగి వెళ్ళింది. పచ్చడి పచ్చడిలాగే ఉంది.

"మేం ముల్లు తీసి పచ్చళ్ళు పుచ్చుకునేవాళ్ళం కాదు," అంది ఫీబమ్మ.

లోయిసమ్మ గిన్నె వైపు చూసింది. "ఇచ్చేదానివి నువ్వొక్కదానివేనా? మాకు చేతుల్లేవా అక్కా?"

అంతే. ఆ మాట తరవాత ముప్పై ఒక్క ఏళ్ళు వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోలేదంటే నోరు మూసుకున్నారని కాదు. ఫీబమ్మ పెరట్లో మేక ఉంది. చెప్పదలచినదంతా మేకకు చెప్పేవాళ్ళు.

"ఓ మేకా, కాలువకు నీళ్ళొచ్చినయ్యంట, వినబళ్ళేదేమో ఆమెకి," అనేది గోడ అవతల లోయిసమ్మ.

"ఓ మేకా, మా చెవులు బానే ఉన్నయ్యని చెప్పు," అనేది ఇవతల ఫీబమ్మ.

పెళ్ళిళ్ళు, చావులు, వానలు, రేషను, కొత్త అయ్యగారి గొంతు, అన్నీ మేక ద్వారానే. ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో మేకలు తొమ్మిది మారాయి. పద్ధతి మారలేదు. ముళ్ళు దిగితే మటుకు లోయిసమ్మ పక్క ఊరి దాకా కుంటుకుంటూ పోయేది కాని మా గుమ్మం తొక్కేది కాదు. ఆ అడుగుల చప్పుడు విన్నప్పుడల్లా కొంగుముడిలో నాకు ఊపిరాడేది కాదు. గోడకు ఇవతల నేనున్నాను, అవతల ముల్లుంది, మధ్యలో పచ్చడి ఉంది.

పోయిన ఏడు ఫీబమ్మ పొయ్యిలోకి కంప కొడుతుండగా సర్కారు తుమ్మముల్లు మడమలో దిగింది. ఆమెకు డెబ్బై. కళ్ళు మసక, చెయ్యి వణుకు. మడమ దాకా వంగడం ఆమె వల్ల కాలేదు. వంగినంతవరకు వంగి నన్ను పెట్టి లాగింది. ముల్లు విరిగింది. కొస లోపలే ఉండిపోయింది. జిల్లేడు పాలు పోసింది, బెల్లం పట్టు వేసింది. పౌలుకు రాయించిన వైద్యమంతా వరసగా చేసింది. ఏదీ పనిచేయలేదు. నరసరావుపేట డాక్టరు ఫొటో తీసి చూసి, "కోసి తియ్యొచ్చు, కానీ మీకు షుగరుంది, పుండు మానదు. ఉండనివ్వండమ్మా, లోపలే గూడు కట్టుకుంటుంది," అన్నాడు. శ్రావణం ఉన్న మనిషికి చెప్పే మాటేనా అది?

అడుగు వేస్తే నొప్పి. నిలబడితే ఇంకా నొప్పి. సరిగ్గా అప్పుడే ప్రేమవిందు ఆదివారం వచ్చింది. నిలబడి వడ్డించడం ఆమె వల్ల కాదు. వెళితే బంతిలో కూర్చోవాలి, ఎవరో వంగి ఆమె విస్తట్లో పెట్టాలి. అందుకని వెళ్ళదలచుకోలేదు. పెరట్లో మంచం మీద కూర్చుని చర్చి గంట విన్నది. నలభై ఏడేళ్ళలో ఆమె వెళ్ళని మొదటి విందు అది కాబోతోంది. ఆ రోజు ఇల్లు దాటకపోతే ఆమె ఇక మనుషుల్లో కలవదని నాకు అనిపించింది, కానీ నాకు కాళ్ళున్నా నడక లేదు.

గోడ అవతల నుంచి మాట వచ్చింది. "ఓ మేకా, గంట కొట్టారు. వినబడిందో లేదో కనుక్కో."

"ఓ మేకా, నాకు కాలు బాగాలేదని చెప్పు."

"ఓ మేకా, తినేది చేత్తోనేగా, కాలుతో పనేందని అడుగు."

"ఓ మేకా, కూర్చుని పెట్టించుకుని తినేదానికి నేను రానని చెప్పు."

మేక ఇద్దరి వైపూ చూసి నెమరు వేసింది. తరవాత గోడ మీద ఒక చెయ్యి, ఒక మోకాలు, తరవాత ఇస్త్రీ చేసిన తెల్లచీర కనబడ్డాయి. యాభై మూడేళ్ళ లోయిసమ్మ నడుమెత్తు గోడ దూకి మేక పక్కన పడింది. మేక తాడు తెంపుకుని పరుగెత్తింది. లోయిసమ్మ చీర దులుపుకుని వచ్చి మంచం ముందు కూర్చుంది.

"శ్రావణం ఇటియ్యి."

"ఓ మేకా..."

"మేక లేదు, ఏం లేదు. పారిపోయింది. కాలియ్యక్కా."

ఫీబమ్మ కాలు ఇవ్వలేదు. వెనక్కి తీసుకోనూ లేదు. లోయిసమ్మే మడమను ఒడిలోకి లాక్కుని, కొంగుముడి విప్పి నన్ను తీసింది. ఫీబమ్మది కాని చెయ్యి నన్ను పట్టుకుని ఏళ్ళయింది. ఆ చేతికి వెల్లుల్లి వాసన. నేను చేతనైనంతా చేశాను. పట్టాను, జారాను, మళ్ళీ పట్టాను. లోయిసమ్మ నుదుటి చెమట నా మీద పడింది. వేల ముళ్ళు తీసినదాన్ని. ఆ ఒక్కటి నాకు దొరకలేదు.

"రాదక్కా," అంది లోయిసమ్మ.

ఫీబమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాం. నవ్వుతోంది.

"పౌలయ్య మూడుసార్లే అడిగాడంట. నువ్వెన్నిసార్లు లాగావే?"

"ఒక పది లాగుంటా."

"ఆయనకంటే నేనే నయం."

లోయిసమ్మకు కూడా నవ్వు వచ్చింది. మడమ ఒడిలోనే ఉంది, నేను ఇద్దరి మధ్యా ఊగుతున్నాను. ముల్లు రాలేదు గదా, వీళ్ళు దేనికి నవ్వుతున్నారో నాకు అర్థం కాలేదు.

"ఇంక లే. నా భుజం పట్టుకో," అంది లోయిసమ్మ.

"నీ భుజమా?"

"పచ్చడి కాదులే, తిప్పి పంపడానికి."

ఫీబమ్మ ఆ భుజం పట్టుకుంది.

చర్చి ముందు పందిట్లో బంతి వేసి ఉంది. ఫీబమ్మ లోయిసమ్మ మీద వాలి నడిచి వస్తుంటే పాట పాడేవాళ్ళు చరణం మరిచిపోయారు. ఆమె విస్తరి ముందు కూర్చుంది. టక్కు పక్కన కూర్చున్న మనవరాలితో, "చూడవే, ఈమెకు మోకాళ్ళు వంగుతాయి," అన్నాడు. అన్నం గంప లోయిసమ్మ తీసుకుంది. ఎవరికీ ఇవ్వలేదు.

మొదటి గరిటె పడింది. ఫీబమ్మ ఏమీ అనలేదు. రెండోది పడింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూడోది, నాలుగోది. అన్నం విస్తరి అంచు దాటింది. లోయిసమ్మ ఆగింది.

"చాలు అనవే అక్కా."

"అనను."

ఇంకో గరిటె వేసింది. బంతిలో అందరూ తినడం ఆపారు. తీతులు ముగ్గురూ లేచి నిలబడి చూశారు. ఇద్దరిలో ఎవరు మొండో ఊరికి ముప్పై ఏళ్ళుగా తెలియని సంగతి, ఇవాళ తేలుతుందని అందరికీ తెలిసిపోయింది. గరిటె, ఇంకో గరిటె. పులుసు పోయడానికి వచ్చినవాడు ఎక్కడ పోయాలో తెలియక నిలబడిపోయాడు. అన్నం ఫీబమ్మ గడ్డం ఎత్తుకు వచ్చింది.

"ఏందక్కా ఇది? ఒక్కసారి అను, ఊరుకుంటా," అంది లోయిసమ్మ. ఆమెకు గంప మోయలేనంత నవ్వు వస్తోంది.

"అది నా మాట కాదే. వడ్డించేవాళ్ళ మాట. రత్నం అయ్యగారు అప్పుడే చెప్పాడు, నాకు ఇన్నాళ్ళకు ఎక్కింది," అంది ఫీబమ్మ. "నువ్వే అను."

లోయిసమ్మ గంపలోకి చూసింది. విస్తరి వైపు చూసింది. "చాలు," అంది.

"అయితే చాలు," అని ఫీబమ్మ ముద్ద కలిపింది. పందిరంతా ఘొల్లుమంది. కొత్త అయ్యగారు ఆ రోజు ప్రసంగం మానేశాడు. ఆయన గొంతు గురించి మేకతో చెప్పుకున్నదంతా ఇద్దరూ వెనక్కి తీసుకున్నారు.

ఆ విస్తరి ఖాళీ చెయ్యడానికి తొమ్మిది మంది పట్టారు. ఫీబమ్మ తిన్నది తిని, మిగిలింది చుట్టూ ఉన్నవాళ్ళ విస్తళ్ళలోకి తోసింది.

మర్నాడు గోడ మీదుగా గిన్నె వచ్చింది. గోంగూర పచ్చడి, వెల్లుల్లి తాలింపు. ఫీబమ్మ పుచ్చుకుంది. మధ్యాహ్నానికల్లా గిన్నె అడుగు కూడా వేలితో తుడిచి నాకింది. ఇంకొకరి గిన్నెను ఖాళీగా పంపకూడదు గదా. ఇంట్లో చూసింది. బెల్లం లేదు, శెనగలు లేవు. కొంగుముడి విప్పి నన్ను అందులో వేసింది.

"ఏందక్కా, దీన్ని నాకిచ్చావు?" అంది అవతల నుంచి లోయిసమ్మ.

"నీకు కళ్ళు కనపడతయ్యిగా."

లోయిసమ్మ వద్దనలేదు. నన్ను తీసి కొంగున కట్టుకుంది. వీరాచారి నుంచి ఇప్పటికి నాలుగు చేతులు. వెల ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నేను గోడకు లోయిసమ్మ వైపు ఉంటున్నాను. నాకు గోంగూర వాసన పోలేదు. జనం ముళ్ళతో వస్తూనే ఉన్నారు, కళ్ళు మూసుకుంటూనే ఉన్నారు. లోయిసమ్మ తీసినందుకు ఎవరు ఏమి తెచ్చినా పుచ్చుకుని, సగం గోడ మీద పెడుతుంది. అవతల చెయ్యి వచ్చి తీసుకుంటుంది. మేక ఎంతసేపు నిలబడినా ఎవరూ దానితో మాట్లాడటం లేదు. పాపం, అది చిక్కిపోయింది.

ఫీబమ్మ మడమలో ముల్లు ఇంకా అక్కడే ఉంది. సాయంత్రం పూట ఆమె కర్ర పట్టుకుని గోడ దగ్గరికి వచ్చి, ఆ కాలు కాస్త ఎత్తి గోడకు ఆనించుకుంటుంది. నేను కొంగు చివర నుంచి దాని వైపు చూస్తాను. ఒక్కసారి ప్రయత్నిస్తే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

"ఎట్టా ఉందక్కా?" అంటుంది లోయిసమ్మ.

"ఉంది," అంటుంది ఫీబమ్మ. "పచ్చడి ఏమన్నా మిగిలిందా?"